కాసిల్ డ్రోగో

కాసిల్ డ్రోగో ఇంగ్లాండు నైరుతి భాగమున డెవాన్ కౌంటీలో గల ఒక గ్రామీణ సౌధము. ఇది డార్ట్‌మూర్ కొండనేలల అంచున, డ్రూస్‌టేన్‌టన్ గ్రామమునకు సమీపములో, టీన్ నది లోయకు పైనున్న గుట్టపై 1911 - 1930 మధ్య నిర్మించబడినది. దీని వాస్తుశిల్పి సర్ ఎడ్విన్ లుట్యెన్స్ (1869 - 1944). ఢిల్లీలోని రాష్ట్రపతి భవనమునకు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొరకు అక్కడే కట్టిన హైదరాబాదు హౌసుకు కూడా ఈయనే రూపకర్త. దీనిని ఇంగ్లాండులో కట్టిన చివరి కోటగా పేర్కొంటారు. పేరుకు కోటయే గాని ఇందులో సైన్యము ఎన్నడూ లేదు. ఇది ఒక వ్యాపారి తన కుటుంబము కొరకు కట్టించుకొన్న ఇల్లు.

యజమాని

జూలియస్ డ్రూ (1856 - 1931) యౌవనములో తేయాకు కొనుగోలు నిమిత్తము చైనాలో పనిచేశాడు. తరువాత భాగస్వామితో కలిసి హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ అను కిరాణా దుకాణముల సంస్థను స్థాపించి, 33వ ఏటనే వ్యాపార బాధ్యతల నుండి విరమించుకొనగలిగినంత ధనము గడించాడు. నార్మను ప్రభువు డ్రోగో డి టీన్ తన పూర్వీకుడని, డ్రూస్‌టేన్‌టన్‌కు ఆ పేరు అతని వలననే వచ్చినదని ఆయన నమ్మకము. ఆ నమ్మకమే ఈ కోటకు పునాది. 1911 ఏప్రిల్ 4న, తన 55వ జన్మదినమున, శంకుస్థాపన చేశాడు.

నిర్మాణము

కోటకు 50,000 పౌండ్లు, తోటకు 10,000 పౌండ్లు వెచ్చించవలెనని మొదటి అంచనా. గోడలను మధ్యలో ఖాళీ విడిచి కట్టవలెనని లుట్యెన్స్ తలచగా, పూర్వకాలపు కోటలవలె పూర్తిగా రాతితోనే ఉండవలెనని డ్రూ పట్టుబట్టాడు. ముఖద్వార గోపురము ఎట్లుండునో చూపుటకు కర్రలు, టార్పాలిను గుడ్డలతో నిజ పరిమాణములో నమూనాను నిలబెట్టారు. డ్రూ దానిని చూచి వలదన్నాడు. 1917లో పెద్ద కుమారుడు ఏడ్రియన్ ఈప్ర యుద్ధభూమిలో మరణించిన పిమ్మట తండ్రికి ఈ పనిపై ఉత్సాహము తగ్గినది. తుదకు తొలి ప్రణాళికలో సుమారు మూడవ వంతు మాత్రమే రూపుదిద్దుకొన్నది. కట్టని మహామందిరమునకు ఉద్దేశించిన నేలమాళిగ ప్రార్థనాలయమైనది.

వాస్తు విశేషములు

స్థానిక గ్రానైటుతో కట్టిన రెండు భాగములు గుట్ట వాలును అనుసరించి అధిక కోణములో కలుస్తాయి. ద్వారముపై డ్రూ వంశ చిహ్నమైన సింహము, ఆ ద్వారమునకు నిజముగానే పైకి క్రిందికి కదలు ఇనుప జాలీ తలుపు ఉన్నవి. లోపల నడవలలోను, మెట్ల వద్దను గ్రానైటును పూత లేకుండ విడిచిపెట్టారు. ఇంటి అన్నింటిలోను ముచ్చటైన గది వంటగది అనవచ్చును. దాని వెలుతురు అంతయు కప్పులోని గుండ్రని గాజు గోపురము నుండియే వస్తుంది. సరిగ్గా దాని క్రింద లుట్యెన్స్ రూపొందించిన గుండ్రని బల్ల ఉన్నది. మధ్యయుగపు వేషము వేసిన ఈ ఇంటికి విద్యుత్తు మాత్రము టీన్ నదిపై నెలకొల్పిన సొంత టర్బైన్ల నుండి వచ్చెడిది.

వాన నీటి సమస్య

కోట రూపము చెడరాదని ఇంటికి చదునైన కప్పు వేసి, అప్పటికి కొత్త పదార్థమైన ఆస్ఫాల్టును పరచారు. డార్ట్‌మూర్ ప్రాంతపు చలికి, ఎండకు అది పగిలి, ఇల్లు ఆది నుండియు కారుచునే ఉన్నది. గోడలపై నీటిని దూరముగా విసరివేయు చూరు వంటిదేదియు లేదు. అదే సంవత్సరములలో ఢిల్లీలో కట్టిన రాష్ట్రపతి భవనమునకు లుట్యెన్స్ మన దేశపు పద్ధతిలో ముందుకు పొడుచుకొని వచ్చు రాతి ఛజ్జాను చుట్టూ అమర్చాడు. ఎండవానలను ఎట్లు కాచుకొనవలెనో ఆయన ఎరుగని విషయము కాదు. ఇక్కడ యజమాని కోరిన రూపమునకే ప్రాధాన్యము దక్కినది.

1974లో డ్రూ కుటుంబము ఈ సౌధమును నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించినది. ఆ సంస్థ స్వీకరించిన మొదటి 20వ శతాబ్దపు కట్టడము ఇదియే. మునుపటి మరమ్మతులు నిలువకపోవుటచే 2013లో కోటి పౌండ్లకు పైబడిన వ్యయముతో పెద్ద ఎత్తున పునరుద్ధరణ మొదలైనది. పై భాగపు గ్రానైటు దిమ్మెలను ఊడదీసి, క్రింద కొత్త నీటినిరోధక పొరను పరచి, మరల యథాస్థానములలో పేర్చారు. 900కు పైగా కిటికీలను, వాటిలోని సుమారు 13,000 అద్దములను బాగుచేయు పని కూడ ఇందులో భాగమే. పని అనుకొన్నదానికంటె ఎక్కువ కాలము పట్టినది.