కిడ్నీ యంత్రం బయటపెట్టిన గుండె జబ్బు

1960 మార్చి 9న అమెరికాలోని సియాటిల్‌లో కిడ్నీలు పాడైన క్లైడ్ షీల్డ్స్ అనే బోయింగ్ మెషినిస్టు ముంజేతిలో డాక్టర్లు రెండు సన్నని టెఫ్లాన్ గొట్టాలు అమర్చారు. ఒకటి ధమనిలోకి, మరొకటి సిరలోకి. యంత్రంతో రక్తాన్ని శుభ్రం చేసే డయాలసిస్ లేని వేళల్లో ఆ రెంటినీ చర్మం పైన వంపు గొట్టంతో కలిపేవారు. దాంతో రక్తం గడ్డకట్టకుండా పారుతూనే ఉండేది.

కిడ్నీ యంత్రాన్ని నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ 1943 నాటికే తయారుచేశాడు. అయితే డయాలసిస్ చేసిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాల్సి రావడంతో కొన్నాళ్లకే వాడదగ్గ నాళాలు మిగిలేవి కావు. సియాటిల్ డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ ఆలోచన, ఇంజినీరు వేన్ క్వింటన్ పనితనం ఆ చిక్కు విప్పాయి. వారాల్లో పోవాల్సిన షీల్డ్స్ మరో 11 ఏళ్లు బతికాడు.

1971లో అతన్ని బలిగొన్నది గుండెపోటు.

అది ఒక్కడి కథ కాదని 1974లో తేలింది. స్క్రిబ్నర్ బృందం 39 మంది డయాలసిస్ రోగుల వివరాలు పరిశీలించి, వీళ్లలో ధమనులు మామూలు కంటే వేగంగా పూడుకుపోతున్నాయని ప్రకటించింది. అంతకుముందు ఇంతకాలం బతికినవాళ్లే లేరు కాబట్టి ఈ ముప్పు ఎవరి కంటా పడలేదు.

ధమనులతో పాటు గుండె కవాటాలకూ ఈ బెడద ఉంది. ఆరోగ్యంగా ఉన్న కవాటం రెక్కలు పల్చగా, మెత్తగా కదులుతాయి. ఒంట్లో ఎక్కువైన ఫాస్ఫరస్‌ను మూత్రంలో పంపేయడం కిడ్నీల పని. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల డయాలసిస్ ఆ పనిని పూర్తిగా చేయలేదు. మిగిలిపోయిన ఫాస్ఫరస్ కాల్షియంతో కలిసి కవాటాల మీద పేరుకుంటుంది. రెక్కలు గట్టిపడి సరిగా తెరుచుకోవు. రక్తాన్ని నెట్టడానికి గుండె మరింత కష్టపడాలి. ఫాస్ఫరస్ ఎక్కువైతే రక్తనాళాల కండర కణాలు ఎముక కణాల్లా మారి కాల్షియాన్ని పేర్చుకుంటాయని 2000లో ప్రయోగశాలలో నిరూపించింది కూడా సియాటిల్ పరిశోధకులే.

ఇక గుండెకు ముప్పు అనుకునే ఒంటి కొవ్వు సంగతి. 1999లో మిసిసిపీ డాక్టర్లు 1,346 మంది డయాలసిస్ రోగులను పరిశీలిస్తే, బక్కపల్చని వాళ్ల కంటే బరువున్నవాళ్లే ఎక్కువగా బతుకుతున్నారని తేలింది. అందరికీ చేటు అనుకునే బరువు వీళ్లకు మేలు చేస్తోందా? డాక్టర్లే విస్తుపోయారు. చిక్కంతా కాటా దగ్గరే ఉంది. అది చూపే అంకెలో నీరు, కండ, కొవ్వు మూడూ కలిసే ఉంటాయి. తిండి సయించక కండ కరిగిపోయిన రోగి కూడా అందులో సన్ననివాడిగానే లెక్కకొస్తాడు.

2009లో ఇటలీ పరిశోధకులు బరువుతో పాటు నడుం కొలత కూడా తీసుకున్నారు. నడుం చుట్టుకొలత పెరిగేకొద్దీ మరణాల ముప్పు పెరిగింది. అంటే డయాలసిస్ రోగులకూ పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు మంచిది కాదు. బరువు తగ్గాలని తిండి మానేసి కండ పోగొట్టుకోవడం కూడా ప్రమాదమే. ఈ తేడాను డయాలసిస్ చేయించుకునే ప్రతి మనిషికీ, వంట చేసిపెట్టే ఇంటివాళ్లకూ విడమరిచి చెప్పాలి. అన్నంతో పాటు మింగమని డాక్టరు ఇచ్చే, ఫాస్ఫరస్‌ను తగ్గించే బిళ్లలు ఎందుకో, గుండె కవాటాల తీరు చూపే ఎకో పరీక్ష ఎందుకో కూడా అప్పుడే చెప్పాలి.