కాకినాడ ప్రయోగం: సాధన ప్రేరణ సిద్ధాంతం – ఒక పునఃపరిశీలన

వ్యవస్థాపకత పాఠ్యగ్రంథాలలో ‘కాకినాడ ప్రయోగం’ సాధారణంగా రెండు మూడు వాక్యాలకు మించదు. హార్వర్డ్ ఆచార్యుడొకరు శిక్షణ ఇప్పించారు, వ్యాపారులలో చురుకుదనం పెరిగింది, కాబట్టి వ్యవస్థాపకులు పుట్టరు, తయారవుతారు. తరగతిలో చెప్పేదీ, పరీక్షలో రాసేదీ ఇదే. అయితే ఆ ప్రయోగ ఫలితాలను చివరిదాకా చదివితే ఈ నిర్ధారణ అంత తేలికగా నిలవదు.

డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1961లో ప్రచురించిన ‘ది అచీవింగ్ సొసైటీ’లో ఆర్థికాభివృద్ధికి మూలాన్ని మనుషుల మనస్సులో వెతికారు. ఒక ఉన్నత ప్రమాణాన్ని అందుకోవాలనే తపనకు ఆయన పెట్టిన పేరు సాధన ప్రేరణ. అది బలంగా ఉన్న సమాజమే ఆర్థికంగా ముందుకు పోతుందన్నది ఆయన వాదం. ప్రొటెస్టెంటు నీతికీ పెట్టుబడిదారీ విధానానికీ మధ్య మాక్స్ వెబర్ చూపిన సంబంధం దీనికి నేపథ్యం. వివిధ దేశాల బాలల వాచకాలలోని కథలను విశ్లేషించి ఆ ప్రేరణను సంఖ్యలలో కొలవడం మెక్‌క్లెలాండ్ తెచ్చిన కొత్త పద్ధతి. కథలలో కొలిచిన ఈ గుణాన్ని వయోజనులలో శిక్షణ ద్వారా పెంచవచ్చునా? ఈ ప్రశ్నే ఆయన బృందాన్ని గోదావరి తీరానికి చేర్చింది.

1962లో హైదరాబాదులో నెలకొన్న చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ఇందుకు వేదిక అయింది. 1964–65లో కాకినాడకు చెందిన 52 మంది అక్కడ శిక్షణ పొందారు. బొమ్మలను చూసి కథలు అల్లడం, గురి దూరాన్ని తామే ఎంచుకుని వలయాలు విసరడం, వ్యాపార క్రీడలు, సొంత లక్ష్యాలను కాగితంపై పెట్టడం వంటివి అందులో భాగాలు. పోల్చి చూడడానికి అదే జిల్లాలోని రాజమహేంద్రవరాన్ని ఎంచుకున్నారు. తమిళనాడులోని వేలూరులోనూ ఇటువంటి ప్రయత్నమే జరిగింది. ఫలితాలను మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథంగా వెలువరించారు. శిక్షణ తరువాత రెండేళ్లలో, శిక్షితులలో సుమారు సగం మంది వ్యాపారంలో గట్టి చొరవ చూపగా, శిక్షణ పొందనివారిలో ఆ వంతు నాలుగో భాగం దగ్గరే ఉండిపోయింది.

పాఠ్యగ్రంథాలు ఇక్కడే ఆగిపోతాయి. అదే గ్రంథంలోని మరో పరిశీలన మాత్రం చాలామంది దృష్టికి రాలేదు. సంస్థలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిపైనే శిక్షణ స్పష్టమైన ప్రభావం చూపింది. ఆ అధికారం లేనివారిలో మార్పు స్వల్పం. ఉమ్మడి కుటుంబ వ్యాపారంలో తండ్రి చాటున లెక్కలు చూసుకునే కుమారుణ్ణి ఊహించుకుంటే దీని అర్థం బోధపడుతుంది. తపన ఎంత ఉన్నా ఇనప్పెట్టె తాళం అతని దగ్గర ఉండదు. అంటే మనస్సే మూలమని బయలుదేరిన సిద్ధాంతం తన సొంత లెక్కలలోనే అధికార సంబంధాలకు తల ఒగ్గవలసివచ్చింది. సంప్రదాయ విశ్వాసాలు అడ్డంకి కాలేదని కూడా ఆ పరిశోధకులే గమనించారు. భారతీయ మతాల గురించి వెబర్ వేసిన అంచనాకు ఇది అనుకూలం కాదు.

ఆ ప్రాంతపు చరిత్ర కూడా ఈ లెక్కలో చేరవలసిందే. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను వరి మాగాణంగా మార్చింది. కోస్తా ఆంధ్రలో వ్యవసాయ మిగులు పట్టణ వ్యాపారాలలోకి ప్రవహించిన తీరును, ఆ క్రమంలో ఎదిగిన రైతు పెట్టుబడిదారులను కేరల్ ఉపాధ్య 1988లో వివరించారు. పెట్టుబడి, బంధుత్వం, కులం కల్పించిన అవకాశాలు ఆ విశ్లేషణకు కేంద్రం. ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మన విశ్వవిద్యాలయాలలో అరుదు. ఒకటి నిర్వహణ శాస్త్రం అలమారలో, మరొకటి సమాజశాస్త్రం అలమారలో ఉండిపోయాయి.

హైదరాబాదు సంస్థలో పనిచేసిన ఉదయ్ పారీక్ 1968లోనే ఒక సవరణ ప్రతిపాదించారు. సాధన ప్రేరణకు తోడు, తనను దాటి ఇతరుల మేలు కోరే విస్తరణ ప్రేరణ కూడా అభివృద్ధికి అవసరమని, పరాధీనతా ప్రేరణ దానిని కుంగదీస్తుందని ఆయన వాదం. మొదటి రెంటి లబ్ధంలోనుంచి మూడవదాన్ని తీసివేస్తే అభివృద్ధి అని సూత్రీకరించారు. ఎదుటివాని అదుపులో బతికేవానికి సాధన తపన ఒక్కటే చాలదన్న గ్రహింపు ఇందులో ఉంది. అయినప్పటికీ పారీక్ కూడా ఆ అదుపును ప్రేరణగానే చూశారు. పరాధీనత కొందరికి మనస్తత్వం కాదు, పరిస్థితి.

ఆ పరిస్థితిని ఆచరణలో పట్టించుకున్నది గుజరాత్. అక్కడ 1970లో మొదలైన వ్యవస్థాపకాభివృద్ధి కార్యక్రమం మెక్‌క్లెలాండ్ తరహా ప్రేరణ శిక్షణను స్వీకరించింది. అయితే దానిని ఒంటరిగా వదలలేదు. సొంత ఆస్తి లేని సాంకేతిక నిపుణులకు రాష్ట్ర ఆర్థిక సంస్థలు పూర్తి పెట్టుబడి సమకూర్చే పథకం అప్పటికే అక్కడ అమలులో ఉంది. శిక్షణ దానికి జతపడింది.