వాన నీటి కాలువలపై హెచ్చరిక రాతలు: కోనసీమలో జల కాలుష్య నివారణకు ప్రజల భాగస్వామ్యం

గోదావరి నది ధవళేశ్వరం వద్ద గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఈ రెండు పాయల నడుమ గల మధ్య డెల్టాయే కోనసీమ. వశిష్ఠ నుండి విడివడిన వైనతేయ పాయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఇంతటి జలసమృద్ధి గల అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో వీధి కాలువలో పారబోసిన చెత్త ఎక్కడికి చేరుతుందన్నది పారిశుద్ధ్యానికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. అది తాగునీటి ప్రశ్న కూడా. ఆ ప్రశ్నకు సమాధానాన్ని కాలువ వద్దనే రాసి చూపే స్వచ్ఛంద కార్యక్రమం పలు దేశాలలో అమలులో ఉంది.

పద్ధతి

పలుచని రేకుపై అక్షరాలను, బొమ్మను కత్తిరించి అచ్చు తయారుచేస్తారు. దానిని వాన నీటి కాలువ మూత పక్కన గాని, కల్వర్టు గోడపై గాని ఉంచి రంగు అద్దుతారు. "చెత్త వేయరాదు, ఈ నీరు నదిలో కలుస్తుంది" అన్నది అందులోని సారాంశం. కెనడాలో 1991లో ప్రారంభమైన కార్యక్రమంలో పసుపు రంగు చేప బొమ్మను గుర్తుగా స్వీకరించారు. అమెరికాలో 1999 నాటి వాన నీటి నిబంధనలు చిన్న పట్టణాలకు సైతం ప్రజావగాహన, ప్రజా భాగస్వామ్య కార్యక్రమాలను తప్పనిసరి చేశాయి. ఈ రాతలు అందుకు ఒక సాధనమయ్యాయి.

కోనసీమలో ప్రత్యేకత

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగిన నాటి నుండి ఈ డెల్టాలో రెండు వేర్వేరు జల వ్యవస్థలు పెంపొందాయి. పంట కాలువలు నదీజలాన్ని పొలాలకు చేరుస్తాయి. మురుగు కాలువలు పొలాల, ఊళ్ల నీటిని సముద్రానికి చేరుస్తాయి.

పంట కాలువ నీటితోనే మంచినీటి చెరువులు నింపుతారు. వేసవిలో కాలువలు కట్టివేసిన కాలంలో ప్రజలకు ఆ నిల్వలే ఆధారం. గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన ఆక్విడక్టు ద్వారా ఇదే నీరు అవతలి లంక గ్రామాలకు చేరుతుంది. కాబట్టి ఎగువన కాలువలో పడిన మాలిన్యం దిగువ గ్రామాల మంచినీటి చెరువు వరకు ప్రయాణించగలదు.

మురుగు కాలువలో పడినది సైతం అక్కడితో అంతం కాదు. డెల్టా భూములకు వాలు తక్కువ. ఆటుపోట్ల వేళ సముద్రపు నీరు మురుగు నీటిని వెనుకకు నెడుతుంది. ప్లాస్టిక్ సంచులు తూములకు అడ్డుపడతాయి. మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపుడెక్కకు ఎరువవుతాయి. ఫలితంగా భారీ వర్షాలకు వరిచేలు మునుగుతాయి. 2022లో కోనసీమ రైతులు పంట విరామానికి సిద్ధపడినప్పుడు చెప్పిన కారణాలలో మురుగు కాలువల దుస్థితి ఒకటి.

అమలు విధానం

ఈ దృష్ట్యా ఇక్కడ రంగు వేయడానికి ముందు జరగవలసిన పని ఒకటుంది. ప్రతి వీధి కాలువ వెంట నడిచి, అది పంట కాలువలో కలుస్తున్నదా, మురుగు కాలువలో కలుస్తున్నదా నిర్ధారించుకోవాలి. మొదటి రకానికి "ఇది తాగునీటిలో కలుస్తుంది" అనీ, రెండవ రకానికి "ఇది సముద్రంలో కలుస్తుంది" అనీ రాయడం సముచితం. తప్పుగా రాసిన హెచ్చరిక ప్రజల విశ్వాసాన్ని పోగొడుతుంది. ఈ పరిశీలనలో పంట కాలువలో కలుస్తున్న మురుగు తూముల జాబితా కూడా సిద్ధమవుతుంది. అధికారులకు రాతల కంటే ఆ జాబితాయే ఎక్కువ ఉపయోగకరం.

పాటించవలసిన జాగ్రత్తలు:

- పట్టణంలో పురపాలక సంఘం, గ్రామంలో పంచాయతీ, కాలువ కట్టడాలపై జలవనరుల శాఖ అనుమతి ముందుగా పొందాలి.
- వాన లేని రోజున, శుభ్రపరచిన పొడి ఉపరితలంపై మాత్రమే రంగు వేయాలి.
- రంగు డబ్బాలను, కుంచెలను కాలువలో కడగరాదు.
- విద్యార్థుల వెంట పెద్దలు ఉండాలి. వాహనాల రద్దీ గల వేళలను మినహాయించాలి.
- ప్రతి రాత ఉన్న చోటును, తేదీని రిజిస్టరులో నమోదు చేసి, చెరిగినపుడు తిరిగి వేయాలి.

చట్టం, పరిమితులు

జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం, 1974లోని 24వ సెక్షన్ కాలుష్యకారక పదార్థాలను తెలిసి ప్రవాహాలలోనికి, బావులలోనికి, మురుగు కాలువలలోనికి వదలడాన్ని నిషేధిస్తున్నది. ఈ చట్టంలో ప్రవాహమంటే నది మాత్రమే కాదు. మానవ నిర్మితమైన జలమార్గం కూడా. సాగునీటి నిర్వహణలో రైతుల భాగస్వామ్యానికి 1997 నాటి రాష్ట్ర చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. జనవరి 2025 నుండి ప్రతి నెల మూడవ శనివారం నిర్వహించేందుకు ప్రారంభించిన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం కూడా ఇటువంటి స్వచ్ఛంద సేవకు అనువైన వేదిక.

అయితే రాతలు మురుగును శుద్ధి చేయవు, పూడిక తీయవు. చెత్త సేకరణ సక్రమంగా లేని వీధిలో "చెత్త వేయరాదు" అన్న హెచ్చరికకు విలువ ఉండదు. వాడిన నూనెకు, పురుగుమందు డబ్బాలకు ప్రత్యామ్నాయ సేకరణ స్థలం చూపిన తరువాతనే అది సఫలమవుతుంది. ఆ ఏర్పాటు స్థానిక సంస్థల బాధ్యత. కాలువలో వేయకుండా అక్కడికి చేర్చడం ప్రజల బాధ్యత. ఈ రెండూ కలిసినప్పుడే ఎగువ ఊరు వదిలిన నీటిని దిగువ ఊరు నిశ్చింతగా తాగగలుగుతుంది.