జీవశాస్త్రపు మాటలు మన సీమకు వచ్చిన విధము

పెద్దలారా! దీపము పెట్టిన వేళ మీ మనుమడో మనుమరాలో పుస్తకము ముందిడుకొని "కణము, కణజాలము, అవయవము, జీవి" అని వల్లె వేయుచుండగా మీరు వినియే యుందురు. ఇవి మన మాటలు కావని జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పెద్దలు కొందఱు నాతో ననిరి. సిరిసిల్లలో మగ్గము మీదనే తల నెరసిన వృద్ధుడొకడు మాత్రము వేఱొక ప్రశ్న వేసెను. "అయ్యా, మా పిల్ల చదువు కణజాలమనగా వలయా, బట్టయా?" అనెను. దానికి సమాధానము చెప్పబోయి నేను చాల దూరము పోవలసివచ్చినది.

1665వ సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు హుక్కు అను నాతడు బిరడాబెండును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. అందు తేనెపట్టులో వలె చిన్న చిన్న గదులు కనబడెను. గది యను నర్థముగల "సెల్" అను పేరును వానికి పెట్టెను. నిజమునకు ఆయన చూచినవి ఉత్త గోడలే. లోపలి జీవపదార్థ మెన్నడో యెండిపోయినది. ఖాళీ యింటికి పెట్టిన పేరు కాపురమున్న యింటికిని నిలిచిపోయెను. పిమ్మట 1838లో ష్లైడెను చెట్లను గూర్చియు, 1839లో ష్వాను జంతువులను గూర్చియు, వాని దేహములన్నియు నిట్టి గదులతోనే కట్టబడినవని చెప్పిరి. మీ జేబులోని సెల్లునకును ఈ మాటయే మూలము. తరంగములు వ్యాపించు నేలను గదులు గదులుగా విభజించుటచే దాని కా పేరు వచ్చినది.

ఇక కణజాలము. ఫ్రాంసు దేశమున బిషా అను వైద్యు డుండెను. 1802లో ముప్పదియేండ్లకే మరణించెను. ఆతడు సూక్ష్మదర్శినిని ముట్టకయే, శవములను కోసి, ఎండబెట్టి, ఉడుకబెట్టి పరీక్షించి, మనుష్యదేహము 21 విధములైన పదార్థములతో నేర్పడినదని తేల్చెను. వానికాతడు పెట్టిన పేరు ఫ్రెంచిభాషలో "తిస్యు". అనగా నేసినది, బట్ట. ఇంగ్లీషువారి "టిష్యూ" అదియే. నూలుపోగు ఒక్కటి బట్ట కాదు. పడుగును పేకయు కలిసి యొక నేతగా కుదిరినప్పుడే బట్ట. అట్లే ఒక పనికై కూడిన కణముల సముదాయము కణజాలము. తువ్వాల కొక నేత, చీర కొక నేత యున్నట్లు చర్మమున కొకటి, కండకు వేఱొకటి. నెత్తురును కణజాలమే యనినచో మీకు వింతగా తోచును గాని, అదియు నిజమే. ఇట్టివి పెక్కు కలిసి గుండెయో, ఆకో యైనప్పుడు దానిని అవయవ మందుము.

ఈ మాటలు మన సీమకు రెండు దారుల వచ్చినవి. నిజాము రాజ్యమున 1917లో అనువాదశాఖయు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఏర్పడి, శాస్త్రములన్నియు ఉర్దూలోనికి దిగినవి. అందు సెల్ "ఖలియా" అయ్యెను. అరబ్బీలో తేనెపట్టు అని యర్థము. టిష్యూ "నసీజ్" అయ్యెను, అనగా నేత. అంతకు ముందే, 1906లో, ఆ హైదరాబాదులోనే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెనుగున శాస్త్రగ్రంథములు వ్రాయింప మొదలిడిరి. మండలి పిదప మదరాసునకు తరలెను. జీవశాస్త్రమును తెనుగువారికి పరిచయము చేసినవారు ఆచంట లక్ష్మీపతిగారు. మన నగరమున పుట్టిన ఆ పూనిక ఫలము మన బడిపిల్లలకు 1948లో నిజాము పాలన తొలగిన పిమ్మటగాని సరిగా అందలేదు. 1968లో తెలుగు అకాడమీ వెలసెను. దాని తొలి అధ్యక్షులు వంగర గ్రామమున పెరిగిన పి.వి. నరసింహారావుగారు. ఉన్నత విద్యకు తెనుగు పారిభాషిక పదములు అచ్చట సమకూర్పబడినవి.

చూడుడు, ఇంగ్లీషువాడు గది యనెను, ఉర్దూవారు తేనెపట్టు అనిరి, మనవారు మాత్రము "కణము" అనిరి. అనగా నూక, చిన్న గింజ. ఇది నాకు మిక్కిలి నచ్చినది. గది ఖాళీగా నుండవచ్చును గాని గింజలో జీవము కలదు. "జాలము" మాత్రము నాకంత నచ్చలేదు. జాలమనగా వలయే. నేత యను భావమును ఫ్రెంచివారును అరబ్బీవారును నిలుపుకొనగా, నేతగాండ్రకు నెలవైన మన దేశమున మనమే దానిని విడిచితిమి. ఇందుచే కలిగిన నష్టము చిన్నది కాదు. తాత ఖలియా యని చదివెను, తండ్రి కణమని చదివెను, మనుమడు సెల్ అని చదువుచున్నాడు. ముగ్గురును ఒకే వస్తువును చదివియు, ఒకరి చదువు వేఱొకరికి తెలియదని తలంచుచున్నారు.

పల్లెవారి మాటయే శాస్త్రమున నిలిచిన తావులును లేకపోలేదు. వరిపిలక మొవ్వలో పురుగు చేరినప్పుడు అది వెన్ను తీయక ఉల్లికాడవంటి గొట్టమగును. దానిని చూచి రైతు "ఉల్లికోడు" అనెను. జగిత్యాల దగ్గఱి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానమువారు ఆ తెగులును తట్టుకొను "జగిత్యాల సన్నాలు" అను వరిని రూపొందించినప్పుడు ఆ పేరునే వాడిరి. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. పశువైద్యులు తెనుగున చెప్పునపుడు గాలికుంటు, జబ్బవాపు అను కాపరుల మాటలే చెప్పుదురు. కణజాలమునకు నట్టి యదృష్టము పట్టలేదు.

ఇదియంతయు సిరిసిల్ల వృద్ధునికి చెప్పితిని. ఆతడు కొంతసేపాలోచించి, "ఆ దొర ఎప్పుడైనను మగ్గము చూచెనా?" అని యడిగెను. బిషా వైద్య మభ్యసించినది లియోను నగరమున ననియు, అది ఆ దేశమున పట్టునేతకు పేరుపడ్డ పట్టణమనియు చెప్పితిని. "అటులనా!" అని, మనుమరాలిని కేకవేసి, ఆ పుస్తకము తెమ్మనెను.