పక్కవాద్యం నుంచి టేపు దాకా

వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు పేరు సంగీత లోకంలో ఎక్కువగా 1922లో దాని సమీపంలోని శివరామపురంలో జన్మించిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు ఇంటిపేరుగానే వినబడుతుంది. అయితే ఆయన తండ్రి సన్యాసిరాజు ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడికి మృదంగం వాయించిన విద్వాంసుడు కావడం వల్ల, ఆ కుటుంబ చరిత్ర ఫిడేలు చరిత్రతోనూ ముడిపడింది.

పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో బాలుస్వామి దీక్షితుల ద్వారా కర్ణాటక సంగీతంలోకి వచ్చిన ఫిడేలు చాలాకాలం పక్కవాద్యంగానే, అంటే గాయకుడు పాడిన సంగతిని వెనువెంటనే అనుసరిస్తూ పలికే వాద్యంగానే ఉండిపోయింది. 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పి, 1936లో దాని ప్రిన్సిపాల్ అయిన ద్వారం, 1938లో వెల్లూరులో సోలో కచేరీ చేసి, గాయకుడు లేకుండానే ఆ వాద్యం సభను నిలబెట్టగలదని నిరూపించారు. విజయనగరం ప్రాంతం ఫిడేలుకు చేసిన మేళ్లలో ఇంతకన్నా పెద్దది మరొకటి లేదు.

ఇలా ఒంటరిగా నిలబడిన ఫిడేలుకు టేపు రూపంలో కొత్త తోడు అమెరికాలో దొరికింది. కొద్దిపాటి స్వరాలనే మళ్లీ మళ్లీ పలికిస్తూ, అతి నెమ్మదైన మార్పులతో రచనను నడిపే పద్ధతిని మినిమలిజం అంటారు. ఆ పద్ధతికి చెందిన స్వరకర్త స్టీవ్ రైక్ 1965లో ఒకే మాటల ముక్కను రెండు టేపు రికార్డర్లపై తిప్పుతూ, వాటి వేగంలోని స్వల్ప తేడా వల్ల ఒకటి మరొకదాని నుంచి క్రమంగా జరిగిపోవడాన్ని గమనించి, 1967లో ‘వయొలిన్ ఫేజ్’లో ఆ సూత్రాన్ని వాద్యానికి అన్వయించాడు. ఇందులో వాద్యకారుడు ముందే రికార్డు చేసిన ఫిడేలు వాదనంతో కలిసి అదే పదబంధాన్ని వాయిస్తూ, కొంచెం కొంచెంగా వేగం పెంచి, టేపు కన్నా కొన్ని స్వరాలు ముందుకు చేరి అక్కడ స్థిరపడతాడు. ఆ ఎడం నుంచి ఎవరూ విడిగా వాయించని కొత్త స్వరకూర్పులు చెవికి అందుతాయి.

కర్ణాటక కచేరీలో గాయకుడు, ఫిడేలు విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు ఒకరినొకరు వింటూ సర్దుకుంటారు. టేపు మాత్రం తంబురా లాగే ఎవరి కోసమూ ఆగదు, తగ్గదు. అందువల్ల సర్దుబాటు భారమంతా ఒక్క మనిషి మీదే పడుతుంది. ఈ రచన కష్టం వేళ్ల వేగంలో కన్నా లయ మీది పట్టులోనే ఎక్కువగా ఉంది.

యంత్రం ఇంత కచ్చితంగా నడుస్తున్నా, పొరల కలయికలో వినబడే స్వరకూర్పుల్లో దేన్ని పైకి తెచ్చి పలికించాలో నిర్ణయించే స్వేచ్ఛను కొన్నిచోట్ల రైక్ వాద్యకారుడికే వదిలాడు. సమయానికి తోచిన కల్పనను మనోధర్మమని గౌరవించే తెలుగు శ్రోతకు ఈ రచనలో అన్నిటికన్నా దగ్గరగా తోచేది ఆ ఘట్టమే.