సంక్రాంతి వాకిలి: ముగ్గు, బంతిపూవు, అరిసె చెప్పే చరిత్ర



చరిత్ర అనగానే మనకు శాసనాలు, నాణేలు, కోటలు, యుద్ధాల తేదీలు గుర్తుకొస్తాయి. ఇంటి వాకిలికి అందులో చోటు తక్కువ. వంటింటికి, పెరడుకు మరీ తక్కువ. ముగ్గు మర్నాటికి చెరిగిపోతుంది, పిండివంట కొద్ది రోజుల్లో అయిపోతుంది, పూలమొక్క వేసవికి ఎండిపోతుంది. తవ్వి తీయడానికి ఏమీ మిగలదు. పైగా ఈ పనులు చేసినవారిలో ఎక్కువమంది స్త్రీలు. తమకు తెలిసినదాన్ని రాసిపెట్టే అవకాశం వారికి చాలాకాలం లేదు.

అయినా ఈ చరిత్రను తెలుసుకునే దారులు ఉన్నాయి. ఖగోళశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, మాటల పుట్టుక వాటిలో కొన్ని. ఈ పాఠంలో సంక్రాంతి నాటి తెలుగు ఇంటిని ఉదాహరణగా తీసుకుని ఒక ప్రశ్న వేసుకుందాం. 'అనాదిగా వస్తున్నది' అని మనం అనుకునే పండుగలో నిజంగా పాతది ఎంత? మధ్యలో వచ్చి చేరింది ఎంత?

పండుగ తేదీ

ముందు తేదీ సంగతి చూద్దాం. మకర సంక్రాంతితో ఉత్తరాయణం మొదలవుతుందని చెప్పుకుంటాం. కాని సూర్యుడు నిజంగా ఉత్తరం వైపు మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. సంక్రాంతి వచ్చేది జనవరి 14 లేదా 15న. ఈ మూడు వారాల పైచిలుకు తేడా ఎలా వచ్చింది?

భూమి తిరిగే అక్షం బొంగరంలా చాలా నెమ్మదిగా ఊగుతుంది. ఒక పూర్తి ఊగుకు దాదాపు 26,000 సంవత్సరాలు పడుతుంది. అందువల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, ఋతువులను బట్టి లెక్కించే సంవత్సరం కన్నా సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలు పోగుపడి దాదాపు 71 ఏళ్లకు ఒక రోజవుతాయి. వెనక్కి లెక్కకడితే సుమారు 1,700 సంవత్సరాల క్రితం మకర సంక్రాంతి, నిజమైన ఉత్తరాయణం ఒకే సమయంలో వచ్చేవి. మన పండుగ తేదీ ఆ కాలపు ఆకాశాన్ని ఇంకా గుర్తుంచుకుంది.

1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ విషయాన్నే పరిశీలించింది. దాని సిఫారసు మేరకు ఋతువులతో పొంతన తప్పని జాతీయ పంచాంగం 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చింది. పండుగలు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి. పొలాల్లో సార్వా పంట కోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరే సమయం కాబట్టి రైతుకు ఆ తేదీతో ఇబ్బంది లేదు.

వాకిలి: చుక్కలు, గీతలు

నేలను బియ్యంతో, పూలతో అలంకరించే పద్ధతి పాతదే అనడానికి ఆధారాలున్నాయి. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళల్లో బియ్యంతో, పూలతో ఆకృతులు తీర్చడం ఒకటి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసం' పొడితో వేసే ధూళిచిత్రాన్ని ప్రస్తావించింది. ఈ కళను తమిళులు కోలమనీ, బెంగాలీలు ఆల్పన అనీ, మిథిలవారు అరిపన్ అనీ అంటారు. బెంగాల్, మిథిల ప్రాంతాల్లో బియ్యాన్ని తడిపి రుబ్బి, ఆ పిండి నీళ్లతో వేళ్లతో గీస్తారు. మనం పొడిని వేళ్ల సందునుంచి జారవిడుస్తాం.

చుక్కల ముగ్గులో గణితం ఉంది. '7 చుక్కలు, సందు చుక్క 4 వరకు' అని అమ్మమ్మ చెబితే, మధ్య వరుసలో 7, దానికి ఇరువైపులా 6, 5, 4 చొప్పున చుక్కలు పెట్టాలి. లెక్కిస్తే మొత్తం 37 చుక్కలు. ఆకారం షడ్భుజి. ఆ ఒక్క మాటలో ముగ్గు చట్రం మొత్తం ఇమిడిపోయింది. కొద్ది నియమాలతో ఎన్నో ఆకృతులను పుట్టించే ఈ పద్ధతి కంప్యూటర్ శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలో కోలాలను ఒక భాషగా భావించి, వాటికి వ్యాకరణం రాశారు. బడికి వెళ్లని స్త్రీలు నోటిమాటగా అందించిన జ్ఞానం అలా పరిశోధనా పత్రాల్లోకి ఎక్కింది.

పెరడు: సముద్రం దాటి వచ్చిన పూలు

ఇప్పుడు గొబ్బెమ్మను చూడండి. ఆవుపేడ ముద్ద, పసుపు, కుంకుమ, పైన గుమ్మడిపూవు, చుట్టూ బంతిపూల రేకులు. గుమ్మానికి బంతిపూల తోరణం. ఇంతకన్నా సంప్రదాయమైనది ఏముంటుంది అనిపిస్తుంది.

కాని బంతిమొక్క స్వస్థలం మెక్సికో, దాని పరిసర ప్రాంతాలు. అక్కడి ఆజ్టెక్ ప్రజలు దాన్ని పూజల్లో వాడేవారు. నేటికీ మెక్సికోలో నవంబరు మొదట్లో పితృదేవతల పండుగకు సమాధులను, ఇళ్లను బంతిపూలతోనే అలంకరిస్తారు. కొలంబస్ అమెరికా తీరం చేరింది 1492లో, వాస్కో డ గామా కోళికోడు చేరింది 1498లో. ఆ తర్వాతి కాలంలో పోర్చుగీసుల ఓడ ప్రయాణాల ద్వారా అమెరికా మొక్కలు ఎన్నో మన దేశానికి వచ్చాయి. మిరప, మొక్కజొన్నలాగే బంతి కూడా అలా వచ్చిందే. అంటే కాకతీయుల కాలంలో ఏ గుమ్మానికీ బంతిపూల తోరణం కట్టి ఉండరు.

గుమ్మడి కథలో ఇంకో మెలిక ఉంది. ఇంటి ముందు దిష్టికి వేలాడదీసే బూడిద గుమ్మడి ఆసియా ఖండానిది, మనకు ఎంతో పాతది. కూర, పులుసు వండుకునే తియ్య గుమ్మడి మాత్రం అమెరికా నుంచి వచ్చింది. కొత్త కాయ పాత కాయను పోలి ఉంది కనుక పాత పేరే దానికీ పెట్టాం. బంతి అనే మాట కూడా పాతదే. గుండ్రని కొత్త పూవుకు ఆ పేరు చక్కగా అమరింది. దీన్నుంచి చరిత్ర విద్యార్థి ఒక జాగ్రత్త నేర్చుకోవాలి. పేరు పాతదైనంత మాత్రాన వస్తువు పాతది కానక్కరలేదు.

చామంతి మరో దిక్కునుంచి వచ్చింది. అది చైనాలో ఎన్నో శతాబ్దాలుగా సాగులో ఉన్న పూవు. అది సరిగ్గా చలికాలంలోనే ఎందుకు విరగబూస్తుంది? 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అలార్డ్ పగటి నిడివికీ పూత పూయడానికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. కొన్ని మొక్కలు రాత్రి నిడివి ఒక హద్దు దాటితేనే మొగ్గ తొడుగుతాయి. చామంతి అలాంటిదే. పూల రైతులు తోటలో రాత్రిపూట బల్బులు వెలిగించి, పూతను పండుగ గిరాకీకి తగినట్టు వెనక్కి జరుపుతారు. చీకటి లెక్క తప్పిస్తే మొక్క ఆగుతుంది.

వంటిల్లు: అరిసె, కేకు

అరిసెకు కావలసినవి బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి లేదా నూనె. నువ్వులు మన ఉపఖండంలోనే సాగులోకి వచ్చిన పంట. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వుగింజలు దొరికాయి. చెరకు న్యూగినీ ప్రాంతంలో సాగులోకి వచ్చి మనకు చేరింది. దాని రసాన్ని కాచి గడ్డ కట్టించే విద్య మాత్రం మన దేశంలో బాగా పెరిగింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో బెల్లానికీ, ఖండానికీ, శర్కరకూ వేర్వేరు పేర్లున్నాయి. ఆంగ్లంలో పంచదారను సూచించే మాటకు మూలం ఈ శర్కరే.

అరిసె తయారీ ఒక రసాయన ప్రయోగం. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే దంచాలి. బెల్లం పాకంలో ఒక చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. ఉష్ణమాపకం లేని వంటింట్లో ఆ నీటిచుక్కే కొలమానం. ఎక్కువ మోతాదులో ఉన్న బెల్లం నీటిని తనతో పట్టి ఉంచడం వల్ల సూక్ష్మజీవులకు అందే నీరు తగ్గుతుంది. అందుకే అరిసెలు వారాలపాటు నిలవ ఉంటాయి. దూరపు చుట్టాలకు పంపడానికి పనికొచ్చింది ఆ గుణమే. తమిళనాట అదిరసం, ఒడిశాలో అరిసా పిఠా, మహారాష్ట్రలో అనారసా దీని బంధువులే.

మరి మన పండుగ వంటలు వేపుడు, ఆవిరి మీదే ఎందుకు నడిచాయి? పొంగే రొట్టెకు, కేకుకు గోధుమలోని గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఆసరా. బియ్యంలో అది లేదు. మూసిన పొయ్యిలో కాల్చే రొట్టె మన పడమటి తీరానికి పోర్చుగీసులతో వచ్చింది. 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే బేకరీ యజమాని క్రిస్మస్ కేకు తయారుచేశారనీ, మన దేశంలో అదే మొదటిదనీ కేరళలో చెప్పుకుంటారు. ఇప్పుడు కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్‌కు కేకు పక్కనే అరిసెలూ ఉంటాయి. కొత్తది వచ్చినా పాతది ఖాళీ చేసి పోలేదు.

ఏది నిలుపుకోవాలి?

ఇంతవరకు చూసినదాన్ని బట్టి, సంక్రాంతి ఇంట్లో అన్నీ ఒకే కాలానివి కావు, ఒకే దేశానివీ కావు. తేదీ పదిహేడు శతాబ్దాల కిందటిది, నువ్వులు హరప్పా నాటివి, బంతి అయిదు శతాబ్దాలలోపు వచ్చినది. మన పూర్వీకులు పరాయి పూవును కాదనలేదు. అది ఇక్కడి నేలలో బతికింది, ఇక్కడి ఋతువుకు పూసింది, గుమ్మానికి అందం తెచ్చింది. కాబట్టి సంప్రదాయాన్ని కాపాడటమంటే కొత్తదాన్ని ఆపడం అనుకోనక్కరలేదు. వచ్చే ప్రతి మార్పునూ పరీక్షించడం మాత్రం అవసరం.

ఆ పరీక్ష ఇప్పటి మార్పులకూ పెట్టండి. బియ్యపు పిండి ముగ్గును చీమలు, పిచ్చుకలు తింటాయి. దాని స్థానంలోకి వచ్చిన రాతిపొడిని అవి తినలేవు. పలుగురాయిని పొడిచేసే మిల్లుల్లో దుమ్ము పీల్చే కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ తోరణం వాడిపోదు, అలాగని మట్టిలోనూ కలవదు. అపార్టుమెంట్లలో పెరడు లేదు, కాని బాల్కనీలో ఒక కుండీకి చోటుంటుంది.

అన్నిటికన్నా త్వరగా పోయేది జ్ఞాపకం. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి మూడు పనులు చేయండి. వారికి తెలిసిన ముగ్గులను చుక్కల లెక్కతో సహా నోటుపుస్తకంలో గీయండి. పాకం పరీక్షను వారి మాటల్లోనే రాసుకోండి. చిన్నప్పుడు వారి పెరట్లో ఉన్న మొక్కల జాబితా తయారుచేసి, ఒక్కొక్క మొక్క ఏ దేశం నుంచి వచ్చిందో వెతకండి. తేదీ, ఊరు, చెప్పినవారి వయసు రాయడం మరచిపోకండి. శాసనాలకు ఎక్కని చరిత్రకు మీ నోటుపుస్తకమే మొదటి ఆధారం కావచ్చు.