సిమ్నెల్ కేకు: జల్లెడ పిండి రొట్టె నుంచి ఈస్టర్ బల్ల దాకా

ఇంగ్లండులో ఈస్టర్ నాడు భోజనాల బల్ల నడుమ పెట్టే కేకు పేరు సిమ్నెల్. ఎండుద్రాక్షలు, మసాలా దినుసులు కలిపి చేసిన కేకు మీద లేత పసుపు రంగు బాదం ముద్ద పరుచుకుని ఉంటుంది. అంచు వెంట పదకొండు బాదం ఉండలు వలయంగా కూర్చుని ఉంటాయి. ఏసుక్రీస్తు పన్నెండుగురు శిష్యుల్లో ఇస్కరియోతు యూదాను తీసేస్తే మిగిలినవారికి అవి గుర్తులని చెబుతారు. ఏ మధ్యయుగపు మఠంలోనో పుట్టిందేమో అనిపించే ఈ అలంకరణ నిజానికి ఇరవయ్యో శతాబ్దపు ముచ్చట. పేరు మాత్రం ఏడెనిమిది వందల ఏళ్ల నాటిది. సిమ్నెల్ చరిత్ర అంటే ఒకే పేరు కింద వంటకం పదేపదే మారిపోయిన కథ.

లాటిన్‌లో సిమిలా అంటే మెత్తగా జల్లించిన గోధుమపిండి. ఆ మాటే పాత ఫ్రెంచి గుండా ఇంగ్లీషులోకి సిమ్నెల్‌గా వచ్చింది. జర్మన్లు చిన్న బన్నురొట్టెను జెమ్మెల్ అనడం వెనకా ఇదే మాట ఉంది. మధ్యయుగపు ఇంగ్లండులో సిమ్నెల్ కేకు కాదు, రొట్టె. సామాన్యులు తవుడు తీయని ముతక పిండితో, రై, బార్లీలతో కడుపు నింపుకునే రోజుల్లో తెల్లపిండి రొట్టె కలిగినవారి తిండి. పదమూడో శతాబ్దంలో రొట్టెల అమ్మకాన్ని అదుపు చేస్తూ వచ్చిన రాజశాసనంలో దీని ప్రస్తావన ఉంది. ఆ శాసనం పద్ధతి చిత్రమైనది. గోధుమ ధర పెరిగితే రొట్టె ధర పెరగదు, బరువు తగ్గుతుంది. ఏ రకం రొట్టె ఎంత తూగాలో లెక్క కట్టి, సిమ్నెల్‌కు సాటి తెల్లరొట్టె కంటే కాస్త తక్కువ బరువు నిర్ణయించారు. దాన్ని రెండుసార్లు వండుతారన్నది అందుకు చెప్పిన కారణం.

రెండుసార్లు వండడమన్న ఈ గుణం సిమ్నెల్‌ను చాలాకాలం వదల్లేదు. ముందు మరిగే నీళ్లలో ఉడికించి, తర్వాత పొయ్యిలో కాల్చేవారు. నీళ్లలో పడగానే పైనున్న పిండి గంజిలా చిక్కబడి పొరకడుతుంది. ఆ పొర కాలాక గట్టిపడి నిగనిగలాడుతుంది. నేటి బేగెల్ రొట్టెలకు మెరుపు వచ్చేదీ ఇందువల్లే.

రొట్టెకు పండుగతో ముడిపడింది ఈస్టర్ ముందటి ఉపవాస దినాల్లో. తెలుగు కతోలికులు తపస్సుకాలమనీ, ప్రొటెస్టెంటు సంఘాలవారు శ్రమకాలమనీ పిలిచే ఆ నలభై రోజుల్లో మాంసంతో పాటు ఒకప్పుడు గుడ్లు, పాలు, వెన్న కూడా నిషిద్ధమే. దాదాపు మధ్యలో వచ్చే నాలుగో ఆదివారం నాడు కాస్త సడలింపు. మట్టల ఆదివారానికి రెండు వారాల ముందు వచ్చే ఆ రోజును ఇంగ్లండులో మదరింగ్ సండే అన్నారు. ఆ రోజు చర్చిలో చదివే గలతీయుల పత్రిక భాగంలో పైనున్న యెరూషలేమును తల్లి అన్న మాట ఉంది. సువార్త భాగం ఐదు రొట్టెలతో ఐదు వేలమందికి కడుపు నింపిన ఘట్టం. తల్లీ రొట్టే రెండూ ఆ రోజు పాఠాల్లోనే ఉన్నాయన్నమాట.

పదిహేడో శతాబ్దం నాటికి ఈ ఆదివారం అసలు తల్లుల పండుగగా మారింది. దూరపు ఇళ్లలో పనికి కుదిరిన పిల్లలకు, పనివాళ్ల దగ్గర శిష్యరికం చేసే కుర్రాళ్లకు ఆ రోజు ఇంటికి వెళ్లే వీలు దొరికేది. వెళ్తూ అమ్మకు సిమ్నెల్ పట్టుకెళ్లేవారు, దారి పక్కన పూసిన వయొలెట్ పూలు కోసుకెళ్లేవారు. రాబర్ట్ హెరిక్ అనే కవి 1648లో అచ్చయిన తన సంపుటిలో గ్లాస్టర్ ప్రాంతపు ఈ ఆచారాన్ని ప్రస్తావించాడు. సిమ్నెల్‌ను తల్లి దగ్గరికి తీసుకెళ్లే కానుకగా చెప్పిన పాత ఆధారాల్లో అది ముఖ్యమైనది.

అయితే ఆ కానుక ఎలా ఉండేది? రాబర్ట్ చాంబర్స్ 1860ల్లో వెలువరించిన ‘బుక్ ఆఫ్ డేస్’ అనే గ్రంథం ష్రూస్‌బరీ వైపు సిమ్నెల్‌ను వర్ణించింది. కజ్జికాయలో లౌజు ఉన్నట్టు, కుంకుమపువ్వుతో పసుపెక్కించిన గట్టి పెంకు లోపల ఎండుద్రాక్షలు, చక్కెర పాకంలో ఊరిన పండ్ల తొక్కలు, సుగంధద్రవ్యాలు దట్టంగా కూరి ఉండేవి. మొత్తాన్ని గుడ్డలో మూటకట్టి కొన్ని గంటలు ఉడికించి, పైన గుడ్డు సొన పూసి కాల్చేవారు. పెంకు కట్టె ముక్కలా తయారయ్యేది. దూరం నుంచి కానుకగా అందిన సిమ్నెల్‌ను ఒకావిడ కాళ్లు పెట్టుకునే పీటనుకుందనీ, ఇంకొకరు మెత్తబడుతుందని మళ్లీ ఉడకేయించారనీ చాంబర్సే రాశాడు. వెక్కిరింపు సంగతి ఎలా ఉన్నా, ఆ పెంకుకు ప్రయోజనం ఉంది. లోపలి సరుకు ఎండిపోకుండా అది రోజుల తరబడి కాపాడుతుంది. నడిచి వెళ్లి ఇవ్వాల్సిన కానుకకు అంతకంటే మంచి పెట్టె ఉండదు.

పేరుకు పుట్టిన కట్టుకథల్లో ఒకటి ఈ రెండుసార్లు వండడం చుట్టూ తిరుగుతుంది. సైమన్, నెల్లీ అనే ముసలి దంపతుల దగ్గర ఉపవాస దినాల పిండి ముద్ద కొంత మిగిలింది, క్రిస్మస్ పుడ్డింగ్ కూడా కొంత మిగిలింది. రెండూ కలిపి కేకు చేద్దామనుకున్నారు. ఉడకబెట్టాలని ఒకరు, కాల్చాలని ఒకరు పట్టుబట్టారు. పీటలు, చీపుర్లు గాలిలోకి లేచాయి. చివరికి రెండూ చేద్దామని రాజీ పడి, విరిగిన పీటనూ చీపురునూ పొయ్యిలో పెట్టి, కొట్లాటలో పగిలిన గుడ్లను కేకుకు పూశారు. సైమన్‌లోని ‘సిమ్’, నెల్లీలోని ‘నెల్’ కలిసి సిమ్నెల్ అయిందట! నవ్వుకోవడానికి బాగుంది కానీ మాట చరిత్ర ఒప్పుకోదు. లాంబర్ట్ సిమ్నెల్ అనే కుర్రవాడి కథా అంతే. అతన్ని 1487లో డబ్లిన్‌లో రాజుగా అభిషేకించి ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ మీదికి నిలబెట్టారు. అదే ఏడు స్టోక్ ఫీల్డ్ యుద్ధంలో ఆ పక్షం ఓడింది. కుర్రవాణ్ని చంపించకుండా రాజు తన వంటశాలలో మాంసం చువ్వలు తిప్పే పనిలో పెట్టాడు. ఈ కేకు అతని చేతి చలవేనని చెప్పుకుంటారు. కానీ అతను పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే రొట్టెల శాసనంలో సిమ్నెల్ ఉంది.

ఊరూరికీ రూపం మారేది. డివైజెస్ పట్టణపు సిమ్నెల్‌కు పెంకు లేదు, ఆకారం నక్షత్రం. నాటి లాంకషైర్‌లోని బెరీ పట్టణంలో ఉడకబెట్టడమనే మాటే లేదు. ద్రాక్ష, బాదం బాగా దట్టించిన చదునైన కేకు అది. కేకు మారుతూ పోయాక మనుగడ సాగించినది ఈ కాల్చిన రకమే.

ఇక బాదం ముద్ద వచ్చింది వేరే దారిలో. బాదం పొడిని చక్కెరతో నూరి చేసే మార్జిపాన్ మన బాదం బర్ఫీకి దూరపు చుట్టం. ఇంగ్లండులో అది దొరల విందుల్లో బొమ్మలు చేసే మట్టి వంటిది. మొదటి ఎలిజబెత్ రాణికి 1562 నూతన సంవత్సర కానుకల్లో మార్జిపాన్‌తో చేసిన చదరంగపు బల్ల, సెయింట్ పాల్ చర్చి నమూనా వచ్చాయి. తిండి కంటే చూపుకే ఎక్కువ పని కల్పించిన బల్ల అలంకారాలవి. చక్కెర చవకై మధ్యతరగతి వంటగదికి చేరాక, పందొమ్మిదో శతాబ్దంలో బాదం ముద్ద సిమ్నెల్ మీదికి, నడిమి పొరలోకి దిగింది. పెంకు కనుమరుగైంది.

అప్పటికి మదరింగ్ సండే ఆచారం వెలిసిపోతోంది. అమెరికాలో అన్నా జార్విస్ మొదలుపెట్టిన మాతృదినోత్సవం గురించి 1913లో చదివిన కాన్‌స్టన్స్ పెన్స్‌విక్ స్మిత్, పాత ఇంగ్లీషు పండుగనే నిలబెట్టాలని పూనుకుంది. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఒక పాదిరి కూతురామె. 1921లో పుస్తకం రాసి, చర్చిల చుట్టూ ప్రచారం నడిపింది. పండుగ తిరిగి వచ్చింది. విచిత్రంగా సిమ్నెల్ మాత్రం ఆ రోజును దాటి మూడు వారాలు ముందుకు జరిగి ఈస్టర్ బల్ల మీద స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో దాని మీద పాకం పట్టిన పండ్లు, చక్కెర పూలు పెట్టేవారు. ఉండలూ, శిష్యుల వివరణా ఆ తర్వాతివి. రెండో ప్రపంచయుద్ధపు రేషన్‌లో చక్కెర, గుడ్లు కరువయ్యాయి. 1953 దాకా ఆ కటకట తీరలేదు. సోయాపిండికి బాదం సువాసన చేర్చి మార్జిపాన్ అనిపించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

నేటి పద్ధతిలో 18 నుంచి 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్ను కావాలి. వెన్న, చక్కెర గిలకొట్టి గుడ్లు, మైదా, ఎండుద్రాక్షలు, నారింజ తొక్క, జాజికాయ, దాల్చిన చెక్క పొడులు కలుపుతారు. అరకిలో బాదం ముద్దను మూడు భాగాలు చేస్తారు. పిండి సగం పోసి, మొదటి భాగాన్ని పలచగా ఒత్తి దాని మీద పరిచి, మిగతా పిండి పోస్తారు. సుమారు 150 డిగ్రీల సెగ మీద రెండు గంటలకు పైగా కాలుతుంది. నడిమి పొర కరిగి చుట్టుపక్కల కేకులోకి కొంత ఇంకుతుంది. అందుకే పుల్ల గుచ్చి చూస్తే తడి అంటుకుంటుంది, ఉడకలేదని పొరబడకూడదు. పూర్తిగా చల్లారాక బంగారు రంగులో ఉండే ఆప్రికాట్ జామ్ పూసి రెండో భాగాన్ని అతికిస్తారు. అది జిగురు పని చేస్తుంది. మూడో భాగం ఉండలకు. కంటికి నప్పాలంటే ఒక్కోటి తూచి చేయడమే మేలు. గుడ్డు సొన పూసి పై సెగ కింద పెడితే ఉండల నెత్తిన గోధుమ రంగు మచ్చలు తేలతాయి. ఈ దశలో ఒక్క నిమిషం ఏమరితే నల్లబడతాయి.

నడుమ ఖాళీలో పూలు పెట్టడం ఇప్పటి తీరు. ప్రిమ్‌రోజ్, వయొలెట్ రేకులకు గుడ్డు తెల్లసొన పూసి సన్నటి చక్కెర చల్లి ఆరబెడితే తినదగిన అలంకారమవుతుంది. చుట్టూ పసుపు రిబ్బను కడతారు. వసంతంలో ఇంగ్లండంతటా పూసే డాఫొడిల్ రంగులో దీనికి చక్కగా జత కుదురుతుంది కానీ ఆ మొక్క విషం. దాన్ని కేకు మీద కాక, పక్కన కూజాలో పెడతారు.